బ్యాటరీ నిండినప్పుడే పేలే ఇన్వర్టర్: 55 వోల్ట్ల మాస్‌ఫెట్ల కేసు

నేపథ్యం

ఉత్తర తెలంగాణలోని ఒక మండల కేంద్రంలో జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. ఊరి పేరు, యజమాని వివరాలు, ఇన్వర్టర్ తయారుచేసిన కంపెనీ ఏదీ ఇక్కడ రాయడం లేదు. ఇన్వర్టర్ల మరమ్మతు చేసేవాళ్లు, సోలార్ ప్యానెళ్లు బిగించేవాళ్లు ఈ తరహా సమస్యను తరచుగా చూస్తుంటారు. చూసి, తప్పు వైపు వెతుకుతుంటారు. ఈ కేసు రాసిపెట్టడానికి కారణం అదే.

షాపులో ఒక కంప్యూటర్, రెండు ఫ్యాన్లు, లైట్లు, ఇంటర్నెట్ రౌటర్, చిన్న లేజర్ ప్రింటర్ ఉన్నాయి. మొదట అక్కడ ఉన్నది 12 వోల్ట్ల స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, ఒక ట్యూబులర్ బ్యాటరీ. ప్రింటర్ కొన్నాక బ్యాకప్ చాలలేదు. రెండో బ్యాటరీ కొని, స్థానిక మెకానిక్ చేత ఇన్వర్టర్‌ను 24 వోల్ట్లకు మార్పించారు. పాత ట్రాన్స్‌ఫార్మర్ తీసి 24 వోల్ట్ల చుట్టతో కొత్తది పెట్టారు. కంట్రోల్ బోర్డుకు 12 వోల్ట్లు అందేలా రెగ్యులేటర్ చేర్చారు. మాస్‌ఫెట్ల బోర్డును మాత్రం ఉన్నదున్నట్టు ఉంచేశారు. మాస్‌ఫెట్ (క్లుప్తంగా ఫెట్) అంటే కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్ లాంటి భాగం: గేటు అనే కాలుకు వోల్టేజి ఇస్తే డ్రెయిన్, సోర్స్ అనే మిగతా రెండు కాళ్ల మధ్య కరెంటు పారుతుంది. అందులో రెండు వైపులుగా, వైపుకు నాలుగు చొప్పున, 55 వోల్ట్ల హద్దున్న ఐఆర్ఎఫ్ 3205 మాస్‌ఫెట్లు ఉన్నాయి.

అలా కొన్ని నెలలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. ఆ తర్వాత మేడ మీద 330 వాట్ల ప్యానెళ్లు రెండు పెట్టి, చార్జ్ కంట్రోలర్ ద్వారా బ్యాటరీలకు కలిపారు. సంక్రాంతి దాటాక పేలుళ్లు మొదలయ్యాయి.

సమస్య

కరెంటు పోగానే ఇన్వర్టర్ ఆన్ అవుతుంది, రెండు మూడు సెకన్లలో టప్పుమని శబ్దం వస్తుంది, కాలిన వాసన. విప్పి చూస్తే ఒక వైపు మాస్‌ఫెట్లు షార్టు, గేటు రెసిస్టర్లు నల్లబడి ఉంటాయి. కొన్నిసార్లు రెండు వైపులా పోయేవి. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఒక వైపు మాస్‌ఫెట్ షార్టయితే ట్రాన్స్‌ఫార్మర్‌లో సగం చుట్ట బ్యాటరీకి అడ్డంగా నిలిచిపోతుంది. రెండో వైపు ఆన్ అయినప్పుడల్లా ఆ షార్టు మీదికే కరెంటు తోస్తుంది. కాబట్టి ఏది ఎక్కువ కాలిందో చూసి ఏది ముందు పోయిందో చెప్పలేం. మరమ్మతు బల్ల మీద ఈ ఊహతో చాలా సమయం వృథా అవుతుంటుంది.

మెకానిక్ ఇచ్చిన సంజాయిషీ: ప్రింటర్ వేడెక్కేటప్పుడు ఎక్కువ కరెంటు లాగుతుంది, ఫెట్లు తట్టుకోలేకపోతున్నాయి. యజమానికీ అది నిజమే అనిపించింది. ప్రింటర్ వచ్చాకే కదా ఇన్వర్టర్‌ను మార్పించింది! పైగా బ్యాటరీ తీగలు లావు, ఫ్యూజు పెద్దది, కనిపించేదంతా కరెంటు సంగతే. వోల్టేజి గురించి అనుమానించేలా అక్కడ ఏమీ కనిపించదు. 24 వోల్ట్ల బ్యాటరీ, 55 వోల్ట్ల ఫెట్. రెట్టింపు కంటే ఎక్కువ వెసులుబాటు ఉన్నట్టే లెక్క.

మొదట చేసింది, అది ఎందుకు పనిచేయలేదు

వైపుకు నాలుగు ఉన్నచోట ఆరు పెట్టారు. "ఒక్కోటి 110 ఆంపియర్లు సార్, ఆరు కలిస్తే 660. ఇక వీటిని ఏ ప్రింటర్ పేలుస్తుంది?" అని మెకానిక్ నాతో అన్నాడు. ఆ వారంలోనే అవీ పోయాయి. బ్యాటరీ ఫ్యూజును తక్కువ విలువకు మార్చి చూశారు. మాస్‌ఫెట్లు పోయాక ఫ్యూజు తెగింది. ముందు తెగదు కూడా. ఫ్యూజు తీగ కరగడానికి కావలసిన మిల్లీసెకన్లలో చిప్ పని ఎప్పుడో ముగుస్తుంది. పైగా ఎక్కువైనది వోల్టేజి అయితే ఫ్యూజుకు ఆ సంగతే తెలియదు.

నేను వెళ్లాక చేసిన మొదటి పని డీసీ క్లాంప్ మీటర్‌తో బ్యాటరీ తీగలో కరెంటు కొలవడం. అప్పటికి వైపుకు నాలుగు కొత్త 3205లు బిగించి ఉన్నాయి. సాయంత్రం వేళ, సోలార్ లేకుండా, ఫ్యాన్లు, లైట్లు, కంప్యూటర్‌కు 15 ఆంపియర్ల దాకా ఉంది. ప్రింటర్ వేడెక్కేటప్పుడు 45 వరకు వెళ్లింది. ఒక వైపు ఆన్ అయినప్పుడు ఆ 45 నాలుగు మాస్‌ఫెట్ల మధ్య పంచుకుంటుంది, అంటే ఒక్కోదానికి 11 ఆంపియర్లు. రెండు వైపులా వంతులవారీగా ఆన్ అవుతాయి కనుక ఆర్ఎంఎస్ విలువ (వేడి లెక్కకు వాడే ఒక రకం సగటు) 8 లోపే. 3205 ఆన్ నిరోధం గరిష్ఠంగా 8 మిల్లీఓమ్‌లు. కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణిస్తే ఒక్కోదానిలో అర వాటు వేడి. చిప్ వేడెక్కాక నిరోధం పెరుగుతుంది కాబట్టి 0.8 వాటు అనుకుందాం. ఎనిమిదింటికీ కలిపి ఆరేడు వాట్లు. ప్రింటర్ నడుస్తుండగా హీట్‌సింక్ (ఫెట్ల వేడిని లాగే లోహపు దిమ్మ) మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, అంతే.

కరెంటు ఎక్కువై చచ్చే మాస్‌ఫెట్ ముందు వేడెక్కుతుంది. ఇవి చల్లగా ఉండగానే చస్తున్నాయి. అక్కడే కరెంటు అనే అనుమానాన్ని పక్కన పెట్టాను.

గోడ మీది క్యాలెండర్

యజమాని గోడ క్యాలెండర్‌లో కరెంటు కోతల వేళలు రాసుకునే అలవాటున్న మనిషి. ఇన్వర్టర్ పోయిన రోజుల మీద ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. ఆ సున్నాలన్నీ పొద్దున పదకొండు నుంచి మధ్యాహ్నం మూడు లోపల కరెంటు పోయిన రోజులవే. సాయంత్రం కోతలు బోలెడు ఉన్నాయి, ప్రింటర్ అప్పుడూ నడిచింది, కానీ ఒక్క సున్నా లేదు. మబ్బు పట్టిన రెండు మూడు రోజులు మధ్యాహ్నమే కరెంటు పోయినా ఏమీ కాలేదు. ఆ రోజులు మబ్బువని ఆయనకు గుర్తుంది, ఎందుకంటే అప్పుడు ప్యానెళ్లు పనిచేయడం లేదని బిగించినవాళ్లకు ఫోను చేశాడు.

ఎండ బాగా కాసినప్పుడు, బ్యాటరీ దాదాపు నిండినప్పుడు మాత్రమే మాస్‌ఫెట్లు పోతున్నాయి. చార్జ్ కంట్రోలర్ తెర మీద చూస్తే మధ్యాహ్నానికి బ్యాటరీ వోల్టేజి 28.8. రెండు 12 వోల్ట్ల ట్యూబులర్ బ్యాటరీలకు, ఒక్కోదానికి 14.4 చొప్పున, అది మామూలు చార్జింగ్ వోల్టేజి. ఎవరూ తప్పు చేయలేదు. కంట్రోలర్ తన పని తాను సరిగ్గానే చేస్తోంది.

కరెంటు పోయిన క్షణంలో ఇన్వర్టర్‌కు అందేది ఆ 28.8. తర్వాత కూడా పెద్దగా తగ్గదు. మంచి ఎండలో రెండు ప్యానెళ్లు కలిసి 18 ఆంపియర్ల వరకు ఇస్తాయి, ప్రింటర్ లేనప్పుడు షాపు వాడేది 15. అంటే ప్రింటర్ ఆపేసి ఉన్నప్పుడే బ్యాటరీ వోల్టేజి పైన నిలుస్తుంది. ప్రింటర్ ఆన్ చేస్తే 26 కిందికి దిగుతుంది. నింద మోస్తున్న ప్రింటరే ఒక విధంగా కాపాడుతోందన్నమాట.

55కు ఎదురుగా 57.6

ఈ ఇన్వర్టర్ పుష్‌పుల్ తరహాది. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (బ్యాటరీ వైపు చుట్ట) మధ్య కొస బ్యాటరీ ప్లస్‌కు ఉంటుంది. రెండు చివరలను రెండు మాస్‌ఫెట్ల గుంపులు వంతులవారీగా నేలకు లాగుతాయి. ఎడమ గుంపు ఆన్ అయినప్పుడు ఎడమ సగం చుట్ట మీద పూర్తి బ్యాటరీ వోల్టేజి పడుతుంది. రెండు సగాలూ ఒకే కోర్ (ట్రాన్స్‌ఫార్మర్ లోపలి ఇనుప దిమ్మ) మీద, ఒకే చుట్ల సంఖ్యతో ఉన్నాయి కాబట్టి కుడి సగంలో కూడా అంతే వోల్టేజి పుడుతుంది, అది బ్యాటరీ వోల్టేజికి తోడవుతుంది. ఆఫ్‌లో ఉన్న కుడి మాస్‌ఫెట్ డ్రెయిన్ మీద కనిపించేది బ్యాటరీ వోల్టేజికి రెండింతలు.

12 వోల్ట్ల రోజుల్లో రెండింతలన్నా నిండు బ్యాటరీతో 28.8 మాత్రమే. 55 వోల్ట్ల ఫెట్‌కు అది హాయి, స్పైకులకు (క్షణంపాటు పైకి ఎగిరే వోల్టేజికి) కూడా చోటుంది. 24కు మార్చాక, గ్రిడ్ చార్జర్ మాత్రమే ఉన్న కాలంలో, కరెంటు పోయినప్పుడు చార్జింగ్ ఆగి బ్యాటరీ వెంటనే 26కు, ఆ కిందికి దిగేది. రెండింతలు 52. బొటాబొటీ, కానీ బతికింది. సోలార్ వచ్చాక 28.8కి రెండింతలు 57.6. ఇది స్పైక్ కాదు, ప్రతి అర సైకిల్‌లోనూ దాదాపు పది మిల్లీసెకన్ల పాటు నిలిచి ఉండే వోల్టేజి. స్పైకులు దీని మీద అదనం.

డేటాషీట్‌లో (కంపెనీ ఇచ్చే వివరాల పత్రంలో) ఆ 55 అనే అంకె పక్కన ఉండే షరతులు కూడా చదవాలి. 25 డిగ్రీల వద్ద, గేటు సోర్స్‌కు కలిపి ఉండగా, 250 మైక్రోఆంపియర్లు పారే వోల్టేజి కనీసం 55 ఉంటుందని కంపెనీ హామీ ఇస్తోంది. మీ చేతిలోని ముక్క 56 దగ్గర తెరుచుకోవచ్చు (అంటే ఆఫ్‌లో ఉండగానే కరెంటును వదిలేయవచ్చు), 63 దగ్గర తెరుచుకోవచ్చు. హామీ మాత్రం 55కే. చిప్ చల్లబడితే ఈ విలువ ఇంకా తగ్గుతుంది. 3205కు డిగ్రీకి 0.057 వోల్ట్ చొప్పున. చలికాలం పొద్దున 15 డిగ్రీలున్నప్పుడు అర వోల్ట్‌కు పైగా పోయినట్టే. అదే చలిలో చార్జ్ కంట్రోలర్ ఏం చేస్తుంది? లెడ్ యాసిడ్ బ్యాటరీ చల్లగా ఉంటే చార్జింగ్ వోల్టేజిని పెంచుతుంది, ఒక్కో సెల్‌కు డిగ్రీకి 3 నుంచి 5 మిల్లీవోల్ట్ల చొప్పున. 12 సెల్స్‌కు, పది డిగ్రీల తేడాకు, దాదాపు అర వోల్ట్. అది రెండింతలై మాస్‌ఫెట్ మీద పడుతుంది. తట్టుకునే శక్తి తగ్గేటప్పుడే మోయాల్సింది పెరుగుతోంది.

ఈ లెక్క చూసుకున్నాక వైపుకు ఆరు పెట్టడం ఎందుకు పనికిరాలేదో వేరే చెప్పనక్కర్లేదు, కానీ ఈ పొరపాటు నమ్మకం చాలా గట్టిది కాబట్టి చెబుతున్నాను. ఆన్‌లో ఉన్న మాస్‌ఫెట్లు కరెంటును బాగానే పంచుకుంటాయి. ఒకటి వేడెక్కితే దాని నిరోధం పెరిగి కరెంటు మిగతావాటికి మళ్లుతుంది. ఆఫ్‌లో ఉన్నప్పుడు పంచుకునేది ఏమీ లేదు, వోల్టేజి అన్నింటి మీదా సమానంగా పూర్తిగా పడుతుంది. చెరువు కట్టను ఎంత పొడవు పెంచినా ఎత్తు పెంచకపోతే నీళ్లు పల్లంగా ఉన్నచోటే పొర్లుతాయి. ఆరు ఫెట్లలో అన్నిటికంటే తక్కువ వోల్టేజికి తెరుచుకునేదే మొత్తం అవలాంచ్ కరెంటును (హద్దు దాటినప్పుడు ఆఫ్‌లోనే పారే కరెంటును) మోస్తుంది. ఎక్కువ పెట్టేకొద్దీ గుంపులో ఒక బలహీనమైన ముక్క ఉండే అవకాశమూ పెరుగుతుంది.

56 వోల్ట్ల దగ్గర తెరుచుకున్న ఫెట్‌లో ఒక 12 ఆంపియర్లు పారినా 670 వాట్లు. పది మిల్లీసెకన్లలో ఆరేడు జూళ్లు. ఈ పరిమాణం చిప్ అవలాంచ్‌లో ఒక్కసారికి భరించేది ఒక జూల్‌కు అటూ ఇటూ. డేటాషీట్‌లోని అవలాంచ్ శక్తి అంకె చూసి "అది తట్టుకుంటుందిలే" అనేవాళ్లున్నారు. ఆ అంకె ఇండక్టర్‌లో దాగిన కొద్దిపాటి శక్తి ఒకసారి ఖాళీ అయ్యే సందర్భానిది. వెనక రెండు బ్యాటరీలు నిలబడి తోస్తున్నప్పుడు ఆ అంకెకు అర్థం లేదు.

బల్ల మీద రుజువు

లెక్క కుదిరినంత మాత్రాన నమ్మలేం. ముందు ముక్కలు నకిలీవేమో తేల్చాలి. మార్కెట్‌లో పేరు చెరిపి మళ్లీ ముద్రించిన 3205లకు కొదవ లేదు. ప్రతి ముక్కలో గేటును సోర్స్‌కు కలిపి, 100 వోల్ట్ల సప్లైని 220 కిలోఓమ్‌ల రెసిస్టర్ ద్వారా డ్రెయిన్‌కు ఇచ్చి, డ్రెయిన్ మీద మీటర్ పెట్టాను. దాదాపు 200 మైక్రోఆంపియర్ల దగ్గర వోల్టేజి ఆగిపోతుంది, అదే ఆ ముక్క అసలు హద్దు. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు ఒక రెసిస్టర్. కొత్త ముక్కలన్నీ 57, 63 మధ్య ఉన్నాయి, ఒకటి మాత్రం 56కు కాస్త పైన. డేటాషీట్ ప్రకారం ఇవన్నీ సవ్యమైనవే.

తర్వాత ఇన్వర్టర్‌ను బ్యాటరీకి కాక, కరెంటు పరిమితి ఉన్న బెంచ్ సప్లైకి కలిపి, లోడు లేకుండా, ఆసిలోస్కోప్ ప్రోబును డ్రెయిన్ మీద పెట్టి వోల్టేజిని 24 నుంచి కొంచెం కొంచెంగా పెంచాను. 24 దగ్గర 48 వోల్ట్ల చదునైన గీత, దాని మొదట్లో ఒక స్పైక్. ఆ స్పైక్ కొన సూదిలా లేదు, కత్తితో కోసినట్టు 58 దగ్గర చదునుగా ఉంది. ఫెట్ అప్పటికే, ప్రతి సైకిల్‌లోనూ, కొన్ని మైక్రోసెకన్ల పాటు అవలాంచ్‌లోకి వెళ్లివస్తోందన్నమాట. 28 దాటాక స్కోప్‌లో పెద్ద మార్పు కనిపించలేదు, కానీ సప్లై మీటర్‌లో కరెంటు ఒక్కసారిగా లేచింది. లోడు ఏమీ లేదు. వోల్టేజిని ఒక్క అర వోల్ట్ తగ్గిస్తే మళ్లీ పడిపోయింది.

ఇక్కడ ఇంకో అనుమానం తీర్చుకోవాలి. ఎక్కువ వోల్టేజికి ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సంతృప్తమైనా (ఇక అయస్కాంత ప్రవాహాన్ని మోయలేకపోయినా) లోడు లేని కరెంటు ఇలాగే లేస్తుంది. స్థానికంగా చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ కాబట్టి ఈ అనుమానం గట్టిదే. అయితే సంతృప్తమయ్యే కోర్ అర సైకిల్ చివర్లో మాత్రమే కరెంటు లాగుతుంది, అక్కడ గీత కొక్కెంలా పైకి లేస్తుంది. ఇక్కడ కరెంటు అర సైకిల్ పొడవునా పారుతోంది. 100 వోల్ట్ల ఫెట్లు తాత్కాలికంగా బిగించి అదే ట్రాన్స్‌ఫార్మర్‌తో 28.8 ఇస్తే కరెంటు లేవలేదు. కోర్‌కు సంబంధం లేదని తేలింది.

రెండో వైఫల్యం: వోల్టేజి సరిపోయింది, వేడి ఆగలేదు

సరైన భాగాలు తెప్పించేలోగా షాపు నడవాలి. చార్జ్ కంట్రోలర్‌ను 27 వోల్ట్లకు తగ్గించమన్నాను. రెండింతలు 54, ఆ ముక్కలకు బతికే అవకాశం ఉంది. దాన్నే శాశ్వత పరిష్కారంగా ఉంచవచ్చు కదా అని యజమాని అడిగాడు. ఉంచకూడదు. రోజూ వాడే ట్యూబులర్ బ్యాటరీ ఆ వోల్టేజికి పూర్తిగా నిండదు, నెలల తరబడి అలా ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడి సామర్థ్యం పోతుంది. వందల రూపాయల ఫెట్లను కాపాడడానికి వేల రూపాయల బ్యాటరీలను చంపుకున్నట్టవుతుంది.

మధ్యలో దరఖాస్తుల గడువు దగ్గరపడి షాపులో రద్దీ పెరిగింది. వోల్టేజే కారణమని నేను చెప్పింది విని మెకానిక్ దగ్గరి పట్టణంలో సులువుగా దొరికే 100 వోల్ట్ల ఐఆర్ఎఫ్ 540ఎన్ తెచ్చి వైపుకు నాలుగు బిగించాడు. ఆలోచన సగం సరైనదే. పేలడం ఆగిపోయింది. కానీ రద్దీ వేళ ప్రింటర్ వరసగా నడిస్తే అరగంటలో ఇన్వర్టర్ వేడి ఎక్కువైందని ఆగిపోవడం మొదలైంది.

540ఎన్ మీద 33 ఆంపియర్లని ఉంటుంది. నాలుగు కలిస్తే 132, కావలసింది 45 అని అతని లెక్క. ఆ 33 ఎలా వచ్చిందో చూస్తే లెక్క ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. చిప్ గరిష్ఠ ఉష్ణోగ్రత 175 డిగ్రీలు. కేసును (చిప్ బయటి తొడుగును) ఎలాగో 25 దగ్గర నిలిపితే తేడా 150. చిప్ నుంచి కేసుకు ఉష్ణ నిరోధం వాటుకు 1.15 డిగ్రీలు. భాగిస్తే 130 వాట్లు. చిప్ 175 దగ్గర మరుగుతూ ఆ 130 వాట్లను పుట్టించే కరెంటే 33. అంటే ఆంపియర్లలో రాసిన వేడి అంకె అది. హీట్‌సింక్ మీద వేసవి గాలిలో కేసు 25 దగ్గర ఎలా ఉంటుంది? అదే డేటాషీట్‌లో కేసు 100 డిగ్రీలైతే 23 ఆంపియర్లే అని కింది వరసలో రాసి ఉంటుంది. ఆ 23ను కూడా హీట్‌సింక్ ఆ వేడినంతా లాగగలిగితేనే నమ్మాలి.

3205 మీది 110 కూడా ఇదే తరహాది. 150ని 0.75తో భాగిస్తే 200 వాట్లు, దాని నుంచి 110. అందులో ఇంకో కిటుకు ఉంది. ఆ 110 పక్కన ఒక గుర్తు పెట్టి, ప్యాకేజీ హద్దు 75 ఆంపియర్లని కింద చిన్న అక్షరాల్లో రాశారు. సిలికాన్ 110 మోసినా, లోపలి బంధన తీగలు, బయటి కాళ్లు మోయలేవు. ఆరింటికి 660 అని గుణించిన చోట చిన్న అక్షరాల ప్రకారమే 450 అయింది. అసలు హీట్‌సింక్‌తో లెక్క వేస్తే ఇంకెంత తగ్గుతుందో!

540ఎన్ ఆన్ నిరోధం 44 మిల్లీఓమ్‌లు, 3205 కంటే అయిదు రెట్లకు పైన. అదే 45 ఆంపియర్లకు ఒక్కోదానిలో 2.7 వాట్లు, వేడెక్కాక దాదాపు 5. ఎనిమిదింటికి 38 వాట్లు. ఆరేడు వాట్లకు సరిపోయేలా కోసిన హీట్‌సింక్ అది, ఫ్యాన్ కూడా చిన్నది. ఇక ఆగిపోక ఏం చేస్తుంది? వోల్టేజి తట్టుకునేలా చిప్‌లో పొరను మందం చేస్తే నిరోధం పెరుగుతుంది, ఆ పెరుగుదల వోల్టేజి పెరిగిన దానికంటే వేగంగా ఉంటుంది. అందుకే "ఎందుకైనా మంచిది, 200 వోల్ట్లది వేద్దాం" అనే మాట ఈ పనిలో చెల్లదు. వోల్టేజిలో అవసరానికి మించి కొన్న ప్రతి వోల్ట్‌కు వేడి రూపంలో చెల్లించాలి, లేదంటే పెద్ద, ఖరీదైన చిప్ కొనాలి.

పనిచేసింది

మనకు కావలసిన హద్దు ఎంత? నిలకడ వోల్టేజి చలికాలంలో 58 దాకా అనుకుందాం. ట్యూబులర్ బ్యాటరీలకు అప్పుడప్పుడు ఈక్వలైజేషన్ (సెల్స్ అన్నీ సమానంగా నిండేలా ఎక్కువ వోల్టేజితో చార్జింగ్) చేస్తే 60. దాని మీద స్పైక్. మొత్తం కలిపి రేటింగ్‌లో 80 శాతం దాటకూడదనేది నేను పాటించే లెక్క. 100 వోల్ట్ల ఫెట్ అయితే స్పైకుతో సహా 80 లోపల ఉండాలి. స్పైకును 20 వోల్ట్లలో కట్టేయగలిగితే 100 చాలు. కట్టేయలేకపోతే 150 వోల్ట్లది, ఉదాహరణకు ఐఆర్ఎఫ్‌బీ 4115, తీసుకోవాలి. దాని ఆన్ నిరోధం గరిష్ఠంగా 11 మిల్లీఓమ్‌లు, ఈ లోడుకు అదీ భరించదగ్గదే. ధర, దొరకడం చూసుకుని మొదట 100తో ప్రయత్నించాను. ఎంచుకున్నది ఐఆర్ఎఫ్‌బీ 4110. ఆన్ నిరోధం గరిష్ఠంగా 4.5 మిల్లీఓమ్‌లు, ప్యాకేజీ కూడా పాత బోర్డుకు సరిపోయే టీఓ 220. మొదటి పేజీలో 180 ఆంపియర్లని ఉంది, దాని కింద ప్యాకేజీ హద్దు 120 అనీ ఉంది. మనకు కావలసింది 11. వైపుకు నాలుగే పెట్టాను. ఎనిమిదింటిలో కలిపి నాలుగు వాట్లలోపు వేడి, పాత హీట్‌సింక్ అలాగే సరిపోతుంది. గేటు చార్జి 3205కు దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి డ్రైవర్ సర్క్యూట్‌ను ముట్టుకోనక్కర్లేదు. గేటు వోల్టేజి 12 దగ్గర ఉందని మాత్రం చూసుకున్నాను. గేటుకు హద్దు 20 వోల్ట్లు, 24 వోల్ట్లకు మార్చిన బోర్డుల్లో రెగ్యులేటర్ షార్టయితే బ్యాటరీ నేరుగా గేటు మీదికి వస్తుంది.

ఊహించినట్టే కొత్త ఫెట్లు పెట్టాక స్పైక్ పెరిగింది. అంతకుముందు 3205 తన ప్రాణం పెట్టి 58 దగ్గర కోసేది. ఇప్పుడు కోసేవారు లేరు, లోడు మీద 90 దాటింది. ప్రైమరీ రెండు సగాల మధ్య కలవని అయస్కాంత ప్రవాహం, బోర్డుకూ ట్రాన్స్‌ఫార్మర్‌కూ మధ్య తీగల ఇండక్టెన్స్, ఈ రెండింటిలో దాగిన శక్తి అది. ఇక్కడ ఆపేసి "100 లోపలే ఉంది కదా" అంటే ఒక చల్లని రోజు మళ్లీ అదే టప్పు శబ్దం వినాలి.

తీగలతో మొదలుపెట్టాను. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు తీగలు అడుగున్నర పొడవున విడివిడిగా వేలాడుతున్నాయి. వాటిని సగానికి కుదించి, దగ్గరగా చేర్చి కట్టాను. మధ్య కొసకూ మాస్‌ఫెట్ల సోర్స్ పట్టీకీ మధ్య, బోర్డు మీదే, తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) ఉన్న కెపాసిటర్లు పెట్టాను. దీనితోనే స్పైక్ గణనీయంగా తగ్గింది. తర్వాత క్లాంప్, అంటే స్పైకును కట్టేసే సర్క్యూట్: రెండు డ్రెయిన్ల నుంచి చెరొక వేగవంతమైన డయోడ్, ఆ రెండూ కలిసే చోట 4.7 మైక్రోఫారడ్ 250 వోల్ట్ల ఫిల్మ్ కెపాసిటర్ నేలకు, అక్కడి నుంచి 1 కిలోఓమ్ 5 వాట్ల రెసిస్టర్ బ్యాటరీ ప్లస్‌కు. కెపాసిటర్ ఎప్పుడూ రెండింతల వోల్టేజి దగ్గర నిండి ఉంటుంది. స్పైక్ దాన్ని మించితే డయోడ్ తెరుచుకుని ఆ శక్తిని కెపాసిటర్ మింగుతుంది, రెసిస్టర్ దాన్ని నెమ్మదిగా బ్యాటరీకి తిరిగి పంపుతుంది. రెసిస్టర్ మీద ఉండే తేడా 29 వోల్ట్లు కాబట్టి ఎప్పుడూ 0.8 వాటు కాల్చుతుంది, 5 వాట్లది పెట్టింది చల్లగా ఉండాలనే. విలువ ఇంకా పెంచితే పది మిల్లీసెకన్లలో కెపాసిటర్ తగినంత ఖాళీ కాదు, స్పైకులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. తగ్గిస్తే వేడి వృథా.

28.8 వోల్ట్ల మీద ప్రింటర్ నడుస్తుండగా స్కోప్‌లో కొన 74 దగ్గర ఆగింది. కంట్రోలర్‌ను మళ్లీ 28.8కు పెట్టాను. మిట్టమధ్యాహ్నం ఎండలో, ప్రింటర్ ఆపి ఒకసారి, ప్రింటర్‌తో ఒకసారి, మెయిన్ స్విచ్ కట్టేసి పరీక్షించాం. మెకానిక్ మొదటిసారి రెండు అడుగులు వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

ఈ కేసు నుంచి తీసుకోదగ్గవి

ఇన్వర్టర్ వోల్టేజి మార్చేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మార్చి ఊరుకోవడం మన దగ్గర అలవాటు. 12 నుంచి 24కు మారిస్తే పుష్‌పుల్‌లో ఫెట్ మీద పడేది 29 నుంచి 58కి పెరుగుతుంది. అలా మార్చిన ఇన్వర్టర్ ఉన్నచోట సోలార్ పెట్టేవాళ్లు ముందు ఇన్వర్టర్ మూత తీసి ఫెట్ల మీద అంకె చదవాలి. 3205 కనిపిస్తే ప్యానెళ్లు కలపకూడదు. ఫుల్‌బ్రిడ్జ్ (ప్రైమరీకి మధ్య కొస లేని తరహా) ఇన్వర్టర్లలో ఈ రెండింతల గొడవ లేదు, అక్కడ ఫెట్ మీద పడేది బ్యాటరీ వోల్టేజి, దాని మీద స్పైక్. ఒకే 3205 ఒకే 24 వోల్ట్ల బ్యాటరీతో ఒక సర్క్యూట్‌లో ఏళ్ల తరబడి నడిచి, ఇంకో సర్క్యూట్‌లో వారంలో చస్తుంది. "ఆ కంపెనీ వాళ్లు కూడా అదే వేశారు కదా" అనే వాదన వినిపించినప్పుడు సర్క్యూట్ ఏదని అడగండి.

పేలిన వేళలు అడగడం కూడా మరిచిపోకండి. లోడు ఎక్కువున్నప్పుడు పోతున్నాయా, బ్యాటరీ ఎక్కువున్నప్పుడు పోతున్నాయా? హీట్‌సింక్ కాలుతుండగా పోతున్నాయా, చల్లగా ఉండగానా? ఈ ప్రశ్నలకు సమాధానం దొరికితే మీటర్ తీయకముందే దారి సగం తెలుస్తుంది. ఆ క్యాలెండర్ లేకపోతే నేను కూడా ప్రింటర్ మీద ఇంకొంత సమయం పెట్టేవాణ్ణి.

ఆ ఇన్వర్టర్‌కు ఒక బలహీనత మిగిలే ఉంది. క్లాంప్ కెపాసిటర్ తెగిపోయినా, డయోడ్ కాలు టంకం ఊడినా ఇన్వర్టర్ ఆగదు, బయటికి ఏ సూచనా ఉండదు. స్పైక్ మాత్రం మళ్లీ పైకి లేచి ఫెట్లకు దగ్గరవుతుంది. అందుకే మూత లోపల మార్కర్‌తో రెండు మాటలు రాశాను: 100 వోల్ట్లకు తక్కువ ఫెట్ వేయరాదు, సర్వీసు చేసిన ప్రతిసారీ క్లాంప్ కెపాసిటర్ మీద డీసీ వోల్టేజి చూడాలి. ఇన్వర్టర్ మోడ్‌లో అది బ్యాటరీ వోల్టేజికి రెండింతలకు కాస్త పైన కనిపించాలి. బ్యాటరీ వోల్టేజికి సమానంగా ఉంటే డయోడ్లు రెండూ పోయాయి.